లచ్చయ్య ఎంచిన మిషన్

మిర్యాలగూడలో రామ్మూర్తి సేటు రైసుమిల్లులో నేను పద్దెనిమిదేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఆ పద్దెనిమిదేళ్ళలో నా కళ్ళ ముందు ఎన్ని లారీలు లోడయ్యాయో, ఎంతమంది హమాలీలు వచ్చిపోయారో నాకు గుర్తు లేదు. 1972లో కొన్న ఒక సినిమా మిషన్ సంగతి మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది. ఆ మిషన్‌ను ఎంచిన మనిషి పేరు లచ్చయ్య. సూర్యాపేటవాడు. ఆయన గురించి రాసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పని కూడా ఉంది. దాన్ని దాచిపెడితే ఇది రాయడమే దండగ.

లచ్చయ్య 1956లో సూర్యాపేటలో ఒక డేరా టాకీసులో చేరాడు. మొదట గేటు దగ్గర నిలబడ్డాడు, తర్వాత రీళ్ళు చుట్టాడు, రెండేళ్ళకు ఆపరేటరయ్యాడు. డేరా పోయి రేకుల హాలు వచ్చినా అతనే ఆపరేటరు. ఆ కాలపు హాలు మిషన్లలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట లేస్తుంది. వెల్డింగు మంట లాంటిదే. కడ్డీలు కాలే కొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, అందుకోసం మంటను చూస్తూ ఉండాలి. చూడ్డానికి ఒక చిన్న కిటికీ, దానికి నల్ల అద్దం ఉంటాయి. ఆ అద్దం ఒకసారి పగిలింది. ఓనరు కొత్తది తెప్పిస్తానన్నాడు. తెప్పించలేదు. లచ్చయ్య రెండుమూడుసార్లు అడిగి ఊరుకున్నాడు. పదకొండేళ్ళు, రోజుకు మూడాటలు, ఆ మంటను ఉత్త కళ్ళతో చూశాడు.

ఒక రీలు అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూలన రెండుసార్లు చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకు రెండో మిషన్ మోటారు వెయ్యాలి. రెండో చుక్కకు బొమ్మను ఒక మిషన్ మీదనుంచి రెండో దాని మీదికి మార్చాలి. బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు అలాంటి చుక్క ఒకటి ఉందని కూడా తెలియదు. 1970 ఎండాకాలంలో లచ్చయ్యకు ఆ చుక్క కనిపించడం మానేసింది.

అతను ఎవరికీ చెప్పలేదు. ప్రతి రీలు చివరి మాటలు బట్టీ పట్టి, చెవులతో మార్చడం నేర్చుకున్నాడు. పాత సినిమా అయితే గట్టెక్కేవాడు. కొత్త సినిమా వచ్చిన రోజు మొదటి ఆట చిక్కు. అలాంటి ఒక ఆటలో తెర తెల్లబడి అలాగే ఉండిపోయింది. జనం బెంచీలు విరగ్గొట్టారు. ఇంకోసారి అలా జరిగితే నిజం బయటపడుతుందన్న భయంతో, ఓనరుతో జీతం దగ్గర మాటామాటా వచ్చిందని అందరికీ చెప్పి, తనే పని మానుకున్నాడు. భార్య ముత్తమ్మ మార్కెట్లో పల్లికాయ చెరగడానికి పోయేది. ఆ కూలితోనే ఇద్దరూ తినేవాళ్ళు. దవాఖానలో డాక్టరు కంటి వెనక నరం ఎండిపోతున్నదని, దానికి మందు లేదని చెప్పాడట. ఆ మాట ముత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక మా సేటు సంగతి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాక త్రిపురారం వైపు వడ్లు బండ్లు బండ్లుగా మా మిల్లుకు రావడం మొదలైంది. రామ్మూర్తి సేటు నాలుగేళ్ళలో కొత్త ఇల్లు కట్టాడు, కారు కొన్నాడు. ఒకరోజు భార్య లీలావతమ్మతో కలిసి టౌను టాకీసుకు పోతే, ముందు వరసలో మా మిల్లు హమాలీ ఎల్లయ్య కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి సేటును చూశాడు గాని లేవలేదు. మర్నాడు ఎల్లయ్య పనికి వస్తే గేటు దగ్గరే ఆపేయమన్నాడు సేటు. ఆ మాట ఎల్లయ్యకు చెప్పింది నేనే. అతను ఏం తప్పు చేశానని అడిగితే నాకు తెలియదన్నాను.

ఆ వారమే సేటు ఇంట్లోనే సినిమా గది పెట్టాలని నిశ్చయించుకున్నాడు. కొత్తింటి పక్కన బియ్యం దాచడానికి కట్టిన గది ఒకటి ఉంది. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. గది ఉంది, కూర్చునేవాళ్ళు ఉన్నారు, మిషన్ లేదు. విజయవాడలో కొత్త మిషన్ ధర అడిగి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"సూర్యాపేటల లచ్చయ్యని ఒక ఆపరేటరున్నడట. పని లేక ఇంట్లనే ఉంటున్నడట. పోయి తోల్కరా. తెలిసినోడు దగ్గరుంటే పాతదైనా మంచిది దొరుకుతది."

లచ్చయ్య వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. గది మధ్యలో నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. ఆ తర్వాత గోడ వెంబడి చెయ్యి ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. అది పనివాడి పద్ధతి అనుకున్నాను.

"గోడలు మాటను తిప్పి కొడుతున్నయ్ సేటూ. మిల్లుల గోనెసంచులున్నయ్ గదా, రెండు పొరలు ఏలాడదీస్తే ఊకుంటయ్. మిషన్ గోడకు అవుతల పెట్టాలె. లోపల పెడితే బొమ్మకంటే దాని సప్పుడే ఎక్కువుంటది. గోడకు జానెడు బొక్క కొట్టిస్తే సాలు."

"ఏం మిషన్ గావాలె?" అన్నాడు సేటు.

"హాలు మిషన్ వద్దు. మంట, పొగ, లైసెన్సు, అంత పరేషాన్. ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ముది పిల్లలాట, దానికి మాటలు రావు. మీకు పదహారు మిల్లీమీటర్లది గావాలె. పబ్లిసిటీ జీపుల తెచ్చి బడుల కాడ ఆడిస్తరు సూడున్రి, అది. బల్బుతోని నడుస్తది, ఇంట్ల కరెంటు సాలు. గాని లెన్సు సూసి కొనాలె. రెండించుల లెన్సయితే గీ గదిల బొమ్మ నాలుగడుగులు గూడ రాదు. ఒక ఇంచుది అయితే ఏడున్నర అడుగులు పడ్తది. అమ్మేటోడు గది ఎంతని అడగడు, ఉన్నది అంటగడ్తడు."

సేటుకు ఆ మాటలు నచ్చాయి. "పదిహేను వందలు దాటొద్దు. అంతల మంచిది పట్టుకొస్తే నిన్ను ఈడనే ఉంచుకుంట. ఆదివారం సినిమా ఆడించు, కడమ దినాలు మోటార్ల కాడ ఉండు. కాంపౌండ్ల అర్ర ఇస్త" అన్నాడు.

లచ్చయ్య రెండు చేతులు జోడించాడు. బయటికి వచ్చాక నన్ను, "అర్రకు కిటికీ ఉంటదా ఎంకటేశమన్నా?" అని అడిగాడు. ముత్తమ్మకు ఉక్కపోత పడదట.

మొదట సూర్యాపేటలోనే ఒక రేడియో దుకాణంలో మిషన్ ఉందంటే పోయాము. మిలిటరీవాళ్ళు పారేసిన అమెరికా మిషన్, ఆకుపచ్చ పెట్టె, చూడ్డానికి గంభీరంగా ఉంది. ధర పన్నెండు వందలే. నేనైతే అప్పుడే కొనేసేవాణ్ణి. లచ్చయ్య దాన్ని ఫిల్ము లేకుండా ఒక నిమిషం తిప్పి విన్నాడు. తర్వాత చిటికెనవేలు లోపలికి పోనిచ్చి ఫిల్మును కిందికి లాగే కొక్కేన్ని తడిమాడు.

"కొక్కెం అరిగింది. కొత్త రీలు పెట్టినా నాలుగాటలకు నములుతది. ఇది నూటపది ఓల్టుల మిషన్, ట్రాన్స్‌ఫార్మర్ యేరే కొనాలె. బల్బు పోతే బొంబాయికి రాయాలె. పన్నెండు వందలు కనవడ్తయ్ గాని ఏడాది తిరిగేసరికి మూడు వేలయితది."

దుకాణదారు లచ్చయ్యను పక్కకు పిలిచి నూరు రూపాయలు ఇస్తానన్నాడు. లచ్చయ్య పెట్టె మూత వేసి బయటికి నడిచాడు. గడప దగ్గర కాలు తగిలి తూలాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

రెండో మిషన్ కోదాడలో ఉంది. నీలకంఠం అని ఒకతను ఎద్దుల బండిలో మిషన్ పెట్టుకుని పాలకీడు, హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో సినిమాలు ఆడించేవాడు. లచ్చయ్య అతనికి చాలాసార్లు మిషన్ బాగుచేసి పెట్టాడు. నీలకంఠం చనిపోయి రెండేళ్ళయింది. భార్య శాంతకుమారి బట్టలు కుడుతూ బతుకుతోంది. మేం పోయేసరికి ఆమె లచ్చయ్యను చూసి కుట్టుమిషన్ మీదనుంచి లేచింది.

"ఏం మరిదీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? ఆయన పోయినప్పుడు కూడా రాలేదు నువ్వు."

"రాలేకపోయిన వదినా" అన్నాడు లచ్చయ్య.

ఆమె మంచం కిందినుంచి చెక్కపెట్టె లాగింది. లోపల మిషన్‌ను తన పాత చీరలో చుట్టిపెట్టి ఉంచింది. తుప్పు రాకుండా నెలకోసారి తుడుస్తున్నానని చెప్పింది. రెండు వేల రెండు వందలకు తక్కువ ఇవ్వనంది. వానలు పడేలోగా ఇంటికి రేకులు వేయించుకోవాలట. తలెత్తి చూస్తే పైన తాటాకుల సందుల్లోంచి ఎండ పడుతోంది.

లచ్చయ్య మిషన్ ముందు కూర్చుని దాదాపు అరగంట దాన్ని తడిమాడు. కొక్కెం, పళ్ళ చక్రాలు, ఫిల్ము జారే దారి, అన్నీ వేళ్ళతోనే చూశాడు. లెన్సు ఊడదీసి వేలి కణుపుతో కొలిచి, "ఒక ఇంచుదే" అన్నాడు. ఆమె దగ్గరున్న చిన్న రీలు ఎక్కించాడు. ఆ వేళ్ళు ఫిల్మును చక్రాల మీదుగా పోనిస్తుంటే చూడ ముచ్చటేసింది. తలుపులు మూసి మిషన్ వేశాడు. తెల్లసున్నం గోడ మీద బొమ్మ పడింది. బాగా మసక మసకగా పడింది. ఎవరి ముఖమో కూడా తెలియడం లేదు.

"సక్కగున్నది" అన్నాడు లచ్చయ్య.

నేను అతని ముఖం చూశాను. అతను గోడ వైపే చూస్తున్నాడు గాని, చూపు బొమ్మకు మూరెడు పక్కన ఉంది. గడప దగ్గర తూలడం, గోడకు చెయ్యి ఆనించి నడవడం, అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి నాకు. శాంతకుమారి తనే వచ్చి లెన్సు కాస్త తిప్పింది. బొమ్మ తేటపడింది. ఆమె ఏమీ గమనించలేదు.

స్పీకరులోంచి మాట స్పష్టంగా వస్తోంది. అప్పుడు లచ్చయ్య ఎడమ చెయ్యి మిషన్ పక్కకు పోయింది. అక్కడ ఫిల్ము అంచున ఉన్న శబ్దం గీత మీద వెలుగు వేసే చిన్న బల్బు ఒకటి ఉంటుంది. బొటనవేలితో దాన్ని కొంచెం పక్కకు నెట్టాడు. మాట ముద్దగా, నూతిలోంచి వచ్చినట్టు అయిపోయింది.

"సౌండు పోయింది వదినా. సౌండును పట్టే లోపలి కన్ను పాడయింది. అది మద్రాసుల తప్ప దొరకదు. వెయ్యి దాక అయితది."

"ఆయన పోయేముందు ఆడించినప్పుడు బానే పలికింది కదా మరిదీ."

"రెండేండ్లు మూలకు వడున్నది గదా."

లచ్చయ్య మాట మీద ఆమెకు అనుమానం రాలేదు. తన భర్త బతికున్నంత కాలం ఆ మిషన్ గురించి లచ్చయ్య చెప్పిందే వేదం. పదమూడు వందల యాభైకి ఇచ్చేసింది. చీర మాత్రం తీసి ఉంచుకుంది.

బస్సు హుజూర్‌నగర్ దాటాక లచ్చయ్య నెమ్మదిగా మాట్లాడాడు. "నువ్వు సూసినవ్ గదా" అన్నాడు.

"చూసిన" అన్నాను. అతనితో నేనూ ఆ యాసలోనే మాట్లాడేవాణ్ణి.

"రెండు వేలంటే సేటు కొనడు. కొనకపోతే నాకు కొలువు లేదు. ముత్తమ్మకు రొమ్ముల నొప్పి లేస్తున్నది, దుమ్ముల కూసోవద్దని అన్నరు. కొలువు దొరికినంక నెలకింత ఆమెకు పంపుత. ఆమెది నేను తిన." కొంచెం ఆగి కళ్ళ సంగతి చెప్పాడు. "ఎడమది ఖతమయింది. కుడిదాంట్ల ఎలుగు, నీడ కనవడ్తయ్. గాని గీ పని నేను చెయ్యగల్గుత అన్నా. హాలుల అయితే కాదు. గీడ మిషన్ కదలదు, గోడ కదలదు. లెన్సు ఒక్కపారి సరి పెట్టి, దాని మీద గీత గీస్కుంటే వేలికి తెలుస్తది. రీలు ఎక్కించుడు సీకట్ల గూడ వస్తది నాకు. ఎవ్వలకు చెప్పకు."

చెప్పనన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని అలాగే మిర్యాలగూడ దాకా కూర్చున్నాడు.

మిషన్ చూసి సేటు చాలా సంతోషించాడు. చిన్న బల్బును లచ్చయ్య సరిచేయగానే మాట గంటలా వచ్చింది. లచ్చయ్య ముత్తమ్మకు చెప్పి వస్తానని సూర్యాపేట వెళ్ళాడు. ఆ సాయంత్రం సేటు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"చూసినవా వెంకటేశం, ఒక్కదినంల ఎనిమిది వందలు మిగిలిచ్చిండు. నువ్వు తొమ్మిదేండ్ల సంది ఉన్నవ్. నాకు ఒక్క రూపాయి మిగిలిచ్చిన యాది లేదు. గట్లాంటోనికి జీతం ఎక్కువిచ్చినా తప్పు లేదు."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ క్షణంలో లచ్చయ్య మీద నాకు కోపం ఎందుకొచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. "ఆయనకు కళ్ళు కనపడవు సేటూ" అన్నాను. బల్బు సంగతి కూడా చెప్పాను. రెండూ చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

సేటు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కాసేపు బిత్తరపోయి చూసి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "కండ్లు లేనోడు నాకు సినిమా మిషన్ కొనిపెట్టిండా" అని మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. "ఎవ్వలితోని అనకు. ఆదివారం చూద్దాం" అన్నాడు.

ఆదివారం పగలు పదకొండు గంటలకు మొదటి ఆట. కిటికీలు మూసి, గోనెసంచులు వేలాడదీశారు. ఊళ్ళో మిల్లుల ఓనర్లు ఎనిమిది మంది వచ్చారు. వెనక చాపల మీద లీలావతమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు. విజయవాడ నుంచి కిరాయికి తెచ్చిన సంసారపక్షం సినిమా. ముత్తమ్మ అప్పుడే బస్సు దిగి, రేకు ట్రంకు, చాప, రెండు గిన్నెలు తెచ్చుకుని కాంపౌండులో వేపచెట్టు కింద పెట్టుకుంది. సినిమా చూద్దువుగాని రమ్మని లీలావతమ్మే ఆమెను పిలిచింది. ఆమె గది గుమ్మంలో నిలబడింది.

లచ్చయ్య గోడ అవతల రీలు ఎక్కించాడు. లెన్సు మీద ముందురోజే నాతో గీత పెట్టించుకున్నాడు. మిషన్ వేశాడు. బొమ్మ గోడ నిండా, అద్దంలా పడింది. అందరూ భేష్ అన్నారు. సేటు గోడ అవతలికి వచ్చాడు.

"లచ్చయ్యా, ఇంత చేసినవ్, నువ్వు చూడకపోతే ఎట్ల? వచ్చి మాతోని కూసో. మిషన్ వెంకటేశం చూస్కుంటడు."

లచ్చయ్య వద్దన్నాడు. సేటు భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు. పోతూ నాకు కంటితో సైగ చేశాడు. ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచాడు. నేను లెన్సును గొట్టంలోంచి బయటికి లాగేశాను.

లెన్సు లేకపోతే బొమ్మ ఉండదు. గోడ మీద ఉత్త తెల్లటి వెలుగు మాత్రం పొగలా కదులుతుంది. మాట మాత్రం ఎప్పటిలాగే వస్తూ ఉంటుంది. గోడకు కొట్టిన బొక్కలోంచి నేను చూస్తున్నాను. లచ్చయ్యను అందరికంటే ముందు, కుర్చీలో కూర్చోబెట్టారు. అతను వెలుగు వైపు ముఖం పెట్టి, రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"బొమ్మ ఎట్లున్నది లచ్చయ్యా?" అన్నాడు సేటు.

"మస్తుగున్నది సేటూ. హాలుల గూడ గింత తేట రాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు చేత్తో ఆపమని సైగ చేశాడు. "ఆ పిల్ల ఏం చీర కట్టింది?" అన్నాడు.

స్పీకరులోంచి ఆడగొంతు ఏడుపు వినిపిస్తోంది. "తెల్లచీర. పాపం, కష్టంల ఉన్నది" అన్నాడు లచ్చయ్య.

ఈసారి నలుగురైదుగురు నవ్వారు. ఒక మిల్లు ఓనరు అడిగాడు, "పక్కకు నిలవడ్డది ఎవలు?"

"తండ్రి గావచ్చు. ముసలాయన."

"మీసం ఉన్నదా?"

లచ్చయ్య కొంచెం తడబడ్డాడు. "ఉన్నది" అన్నాడు.

గది గది అంతా గొల్లుమంది. సినిమాలో ఏదో హాస్యం జరిగిందనుకున్నాడు లచ్చయ్య. అతను కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. తల వెనక్కి వేసి, తొడ మీద చరుచుకుని, పెద్దగా నవ్వాడు. అది చూసి వాళ్ళకు ఊపిరాడలేదు. గోడ అవతల నేనూ నవ్వాను. ఆ మాట రాయకుండా దాటేయాలని ఉంది గాని, నవ్విన మాట నిజం.

నవ్వనివాళ్ళు ఆ గదిలో ఇద్దరే. లీలావతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. ముత్తమ్మ గుమ్మంలోంచి ఒకసారి గోడ వైపు, ఒకసారి భర్త వైపు చూసింది. కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి అతని రెక్క పట్టుకుంది.

"గోడ మీద ఏం లేదు. ఉత్త ఎలుగే ఉన్నది. లే, పోదాం."

లచ్చయ్య నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేయడం మరిచిపోయినట్టు. సినిమాలో ఆడమనిషి ఇంకా ఏడుస్తూనే ఉంది. అతను లేచి, గోడ పట్టుకుని, నా దగ్గరికి వచ్చాడు. మిషన్ ముందు భాగం తడిమాడు. లెన్సు ఉండవలసిన చోట వేలు లోపలికి పోయింది.

"లెన్సు ఏది?"

నా చేతిలో ఉంది. ఇచ్చాను. వేళ్ళు తగిలాయి. ఆ వేళ్ళు ఎవరివో అతనికి తెలిసే ఉంటుంది. లెన్సును చొక్కా అంచుతో తుడిచి, గొట్టంలో పెట్టి, గీత మీదికి తిప్పాడు. బొమ్మ మళ్ళీ వచ్చింది. "ఊడదీసి పెట్టొద్దు. దుమ్ము పడ్తది" అన్నాడు.

బయట సేటు వరండాలో నిలబడి ఉన్నాడు. లచ్చయ్య కొలువు సంగతి అడగలేదు. ముత్తమ్మే అడిగింది. "అర్ర ఇస్తమన్నరు గదా అయ్యా."

"కండ్లు లేనోని మోటార్ల కాడ పెడ్తనా? బెల్టుల పడి చస్తే కేసు నా మీదికొస్తది. నేను ఏమైన తప్పు మాట్లాడుతున్ననా? నాకు చెప్పకుండ దాచింది మీరు" అన్నాడు సేటు. బస్సు కిరాయికి అయిదు రూపాయలు ఇవ్వమని నాకు చెప్పి లోపలికి పోయాడు. నేను నోటు చాపాను. ముత్తమ్మ దాన్ని తీసుకుంది. ఇంటికి పోవడానికి వాళ్ళ దగ్గర వేరే డబ్బు లేదు. ఆమె ట్రంకు నెత్తిన పెట్టుకుంది, అతను చాప చంకలో పెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి గేటు దాటాడు.

నెల తర్వాత శాంతకుమారి మిల్లుకు వచ్చింది. సేటు బయటికి రాలేదు. "నువ్వే చెప్పి పంపియ్యి" అన్నాడు.

"లచ్చయ్య మా ఇంటికొచ్చి అంతా చెప్పాడండీ" అంది ఆమె. "బల్బు తనే జరిపానన్నాడు. కాళ్ళు పట్టుకోబోయాడు. నేను తలుపేసుకున్నాను. పొద్దు వాలేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు, నేను తియ్యలేదు. మీరూ ఆరోజు ఉన్నారుగా. ఇప్పుడు మీరేమంటారు?"

కొన్నప్పుడు ఆమె ఇష్టపడే ఇచ్చిందని, ఇక చేసేదేమీ లేదని అన్నాను. సేటు చెప్పమన్న మాటలే అవి. ఆమె నా ముఖంలోకి చూసి, "వానొచ్చి ఇల్లు తడిసింది" అని, బస్టాండు వైపు నడిచిపోయింది.

ఆ మిషన్ తొమ్మిదేళ్ళు ఆడింది. ఒక్కసారి కూడా ఫిల్ము నమలలేదు. ఆదివారాలు దాన్ని నేనే ఆడించాను. దానికి సేటు నా జీతం కొంచెం పెంచాడు. మా ఇంట్లో ఆ డబ్బుతో పాల వాడుక పెట్టుకున్నాం. గోడ అవతల నిలబడి బొక్కలోంచి చూస్తున్నప్పుడల్లా ముందు వరస కుర్చీలు కనిపించేవి. రెండేళ్ళయ్యాక ఆ కుర్చీలు కూడా అలవాటైపోయాయి. అతిథులు వస్తే సేటు ఆనాటి ముచ్చట చెప్పి నవ్వించేవాడు. మీసం ఉన్నదా అన్న దగ్గరికి వచ్చేసరికి నా వైపు చూసేవాడు, నేను అవునని తల ఊపేవాణ్ణి.

1976లో బస్తాల పని మీద సూర్యాపేట పోయాను. బస్టాండులో టీ కొట్టు పక్కన ఒక మనిషి కూర్చుని మంచాలకు నులక పేనుతున్నాడు. లచ్చయ్య. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్ళు రెండూ తెల్లగా ఉన్నాయి. ముత్తమ్మ ముందటేడు చలికాలంలో దగ్గుతో పోయిందని తర్వాత టీ కొట్టతను చెప్పాడు. నేను అతన్ని దాటి, కండక్టరును మిర్యాలగూడ బస్సు ఎప్పుడని అడిగాను.

పేనే చేతులు ఆగాయి. "ఎంకటేశమన్నా?" అన్నాడు లచ్చయ్య. ఆ పిలుపులో కోపం లేదు. చాలా రోజులకు ఊరివాడు కనిపిస్తే పిలిచినట్టే పిలిచాడు.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. గొంతు కొంచెం మార్చి, "కాదు. నేను వేరే" అన్నాను.

"గట్లనా. ఏమనుకోకున్రి" అన్నాడు. కాసేపు నేనున్న వైపే ముఖం పెట్టి కూర్చుని, మళ్ళీ నులక చేతిలోకి తీసుకున్నాడు.

బస్సు వచ్చేదాకా నేను అక్కడే, మాట్లాడకుండా నిలబడ్డాను.